మూలబడిన అంబాసిడరు మరల దారికెక్కుట

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమునకు నందిగామ, జగ్గయ్యపేట రెండు ముఖ్య పట్టణములు. 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి, అయినను ఈ నేలను కృష్ణా జిల్లా మెట్ట అనుట పెద్దలకు నేటికిని అలవాటే. ఈ రెండు ఊళ్లను కలుపు హైదరాబాదు - విజయవాడ రహదారి మీద ఒకప్పుడు గుండ్రని వీపు, ఉబ్బిన బుగ్గలు గల అంబాసిడరు కార్లు విరివిగా తిరిగెడివి. పెండ్లివారు, రోగులు, అధికారులు, పెనుగంచిప్రోలు తిరునాళ్లకు పోవు కుటుంబములు అందరును అందులోనే ప్రయాణము చేసిరి. ఇప్పుడవి దాదాపు కనుమరుగైనవి. ఎక్కడనో ఒక ఇంటి పెరటిలో, రేకుల చావడి కింద, నాలుగు టైర్లు నేలకు అంటుకొని, లోపల ఎలుకలు కాపురముండగా ఒకటి మిగిలియుండును. దానిని మరల నడిపింపవచ్చునా? ఏడాదికొకసారి ఊరేగింపునకు కాదు, ప్రతిదినము నందిగామనుండి జగ్గయ్యపేట బడికి పోయి రాగలుగునట్లు చేయవచ్చునా? ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు కావలసిన శాస్త్రమంతయు ఉన్నత పాఠశాల పాఠ్యపుస్తకములలోనే కలదు.

అంబాసిడరు పేరు మనది, పుట్టుక మాత్రము ఇంగ్లండుది. ఆక్స్‌ఫర్డు నగరము ప్రక్కనున్న కౌలీ కర్మాగారములో తయారైన మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారే దీనికి మూలము. 1942లో బిర్లాలు స్థాపించిన హిందూస్థాన్ మోటార్సు సంస్థ మొదట హిందూస్థాన్ 10, పిదప ల్యాండ్‌మాస్టరు అను పేర్లతో మారిస్ కార్లనే చేసి, 1950ల చివర అంబాసిడరును విడుదల చేసినది. కలకత్తా సమీపమున ఉత్తరపాడలోని కర్మాగారము 2014 మే నెలలో మూతపడువరకు దీని రూపము పెద్దగా మారలేదు. ఇంగ్లండులో మూడేండ్లు మాత్రమే తయారైన నమూనా మన దేశములో అర్ధశతాబ్దికి మించి బ్రతికినదన్నమాట. ఈ విచిత్రము వలన ఒక గొప్ప లాభము కలిగినది. ఇతర పాత బ్రిటిష్ కార్లకు విడిభాగములు దొరకవు. దీనికి విజయవాడ ఆటోనగరులో వెదకినచో నేటికిని దొరకును. అదే మద్రాసులో తయారైన స్టాండర్డు హెరాల్డుకైనచో అద్దము పగిలినను నెలల తరబడి తిరుగవలసి వచ్చును. నిత్యమును నడుపదలచినవారికి అందముకంటె ఈ సంగతి ముఖ్యము.

పాత కారు కొన్నవారు సాధారణముగా మొదట చేయు పని రంగు వేయించుట. ఇది తలక్రిందులైన పద్ధతి. మొదట ఇనుము, రెండవది ఆపుట, మూడవది చల్లార్చుట, నాలుగవది పరుగెత్తుట, చిట్టచివర అందము. ఈ క్రమము తప్పినవారి సొమ్ము రెండుమార్లు ఖర్చగును. ఎందుకనగా రంగు వేసిన పిమ్మట అతుకు వేయవలసివచ్చిన, ఆ రంగు కాలిపోవును.

ఇనుము మాట చూతము. లారీకి అడుగున బలమైన చట్రము ఉండును, పై గది దానిమీద కూర్చుండును. అంబాసిడరుకట్లు కాదు. దాని ఒళ్లే దాని చట్రము. తలుపుల కింద పొడవునను ఉండు పెట్టెవంటి దూలములు, నేలరేకు, ముందు వెనుక మలచిన రేకులు, ఇవి అన్నియు కలసి బరువును మోయును. కాబట్టి తలుపు కింద రేకు తుప్పుతిన్నచో అది అందమునకు వచ్చిన లోపము కాదు, వెన్నెముకకు వచ్చిన జబ్బు. ఇనుము తుప్పు పట్టుటకు నీరు, ఆమ్లజని రెండును కావలెను. జగ్గయ్యపేట సముద్రమునకు దూరము కనుక ఉప్పుగాలి లేదు. మచిలీపట్నములో పెరిగిన బండికంటె ఈ ప్రాంతపు బండి మేలు. కాని నందిగామ చుట్టుపట్ల నల్లరేగడి నేల. పత్తి చేలలో తిరిగిన బండి చక్రముల పైభాగమున, దూలముల సందులలో రేగడి బురద మెత్తుకొనును. ఈ మన్ను నీటిని వదలక పట్టియుంచు గుణము కలది. పైన ఎండ కాయుచున్నను లోపల వారముల తరబడి తడి నిలుచును. తుప్పు అచ్చటనే పుట్టును.

రంగు కింద ఏమున్నదో తెలిసికొనుటకు ఒక చిన్న అయస్కాంతము చాలును. దానిని పలుచని గుడ్డలో చుట్టి ఒంటిమీద నెమ్మదిగా జరుపవలెను. ఇనుము ఉన్నచోట అంటుకొనును. తుప్పు తిన్న రంధ్రమును లప్పముతో పూడ్చి పైన రంగు వేసిన చోట పట్టు తప్పి జారిపోవును. అయస్కాంత బలము దూరము పెరుగుకొలది మిక్కిలి త్వరగా తగ్గును గనుక రెండు మూడు మిల్లీమీటర్ల లప్పము కూడ బయటపడును. ఒక అమ్మకపుదారుడు ఎంత తీయగా మాటలాడినను అయస్కాంతము అబద్ధమాడదు. లప్పము దొరికిన చోట టింకరు దానినంతయు చెక్కి, కుళ్లిన రేకు కోసి, మంచి రేకు అతికింపవలెను. తుప్పుమీదనే రేకు అతికినచో ఆ అతుకు ఏడాది నిలువదు. పని ముగిసిన తరువాత దూలముల లోపలికి మైనము కలిపిన నూనె చిమ్మి, నీరు జారిపోవుటకు అడుగున ఉండు చిన్న రంధ్రములను తెరచియుంచవలెను. ఈ రంధ్రములను బురద మూసివేయుటచేతనే సగము బండ్లు పాడైనవి.

ఇక ఆపుట. ఇది ప్రాణములతో కూడిన విషయము గనుక కొంత నిదానముగా చూడవలెను.

అంబాసిడరు బ్రేకులు పాస్కల్ సూత్రముపై పనిచేయును. మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని దిక్కులకు సమానముగా వ్యాపించును. డ్రైవరు పెడలును 20 కిలోగ్రాముల బలముతో తొక్కెననుకొందము. పెడలు మీటవంటిది; అది ఆ బలమును అయిదు రెట్లు చేసి 100 కిలోగ్రాములుగా ప్రధాన సిలిండరు పిస్టనుకు అందించును. ఆ పిస్టను వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లయినచో ద్రవములో చదరపు సెంటీమీటరుకు 25 కిలోగ్రాముల పీడనము ఏర్పడును. చక్రము వద్దనున్న పిస్టను వైశాల్యము 5 చదరపు సెంటీమీటర్లయిన, అది 125 కిలోగ్రాముల బలముతో బ్రేకు చెప్పును డ్రమ్ముకు ఒత్తును. సన్నని గొట్టములో పోవు కొద్దిపాటి ద్రవము టన్నుకు మించిన బండిని ఆపగలుగుటలోని రహస్యమిదే.

ఈ ఏర్పాటులో ఒక లోపము కలదు. నేటి కార్లలో ద్రవమునకు రెండు వేరు వేరు మార్గములుండును; ఒకటి కారిపోయినను రెండవది పనిచేయును. పాత అంబాసిడరులో మార్గము ఒకటే. నాలుగు చక్రములలో ఏ ఒక్కదాని రబ్బరు గొట్టము పగిలినను పీడనము నిలువదు, నాలుగు బ్రేకులును పోవును. అప్పుడు మిగులునది తీగతో వెనుక చక్రములను పట్టు చేతిబ్రేకు మాత్రమే. కావున ఇరువది ఏండ్లు పడియున్న బండిలో గొట్టము బాగుగనే ఉన్నట్లు కనబడినను నమ్మరాదు. రబ్బరు లోపలినుండి ఉబ్బి, పొరలు విడివడును. అన్ని గొట్టములు, అన్ని రబ్బరు వాషర్లు క్రొత్తవి వేయవలెను. ఇందులో మిగిల్చుకొనగల డబ్బు ఏమియు లేదు. చేతిబ్రేకు తీగ కూడ మార్చి, అది ఒక్కటే బండిని ఆపునో లేదో ఖాళీ స్థలములో చూడవలెను.

బ్రేకు ద్రవమునకు తేమను పీల్చు గుణము కలదు. డాట్ 3 అను తరగతి ద్రవము క్రొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరుగరాదని నియమము; కొంత నీరు పీల్చిన పిదప అది 140 డిగ్రీలకే మరుగవచ్చును. మరిగిన ద్రవము ఆవిరి బుడగలగును. ద్రవము నొక్కబడదు, ఆవిరి నొక్కబడును. పెడలు నేలదాక పోవును, బండి ఆగదు. అంతటి వేడి ఎక్కడిదను సందేహము కలుగవచ్చును. లెక్క వేసి చూతము. 1150 కిలోగ్రాముల బండి గంటకు 80 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 22.2 మీటర్ల వేగముతో పోవునప్పుడు దాని చలనశక్తి సుమారు 2,84,000 జౌళ్లు. బండి ఆగినప్పుడు ఈ శక్తి యంతయు బ్రేకులలో వేడిగా మారవలసినదే. నాలుగు డ్రమ్ముల ఇనుము కలసి 25 కిలోగ్రాములనుకొన్నచో ఒక్కమారు ఆపుటకు వాటి ఉష్ణోగ్రత సగటున 25 డిగ్రీలు పెరుగును. ఎండాకాలపు 45 డిగ్రీలతో మొదలై, చల్లబడుటకు వ్యవధి లేకుండ అయిదారుమార్లు గట్టిగా ఆపినచో ఎక్కడికి చేరునో విద్యార్థులే లెక్కింపవచ్చును. అదే 40 కిలోమీటర్ల వేగమైనచో శక్తి సగము కాదు, నాలుగవ వంతు మాత్రమే.

నాలుగు వరుసల రహదారి మీద చుట్టునున్న బండ్లన్నియు క్రొత్త బ్రేకులు గలవి. అవి ముందు హఠాత్తుగా ఆగగలవు. వెనుకనున్న అంబాసిడరు ఆగలేదు. డ్రైవరు చూచి కాలు వేయుటకు ఒక సెకను పట్టును. ఆ లోపల 80 కిలోమీటర్ల వేగమున బండి 22 మీటర్లు పోవును. పిదప మంచి డ్రమ్ము బ్రేకులతోను మరి 50 మీటర్లు కావలెను. మొత్తము 72 మీటర్లు. 60 కిలోమీటర్ల వేగమైన 45 మీటర్లు చాలును. చిల్లకల్లు సుంకపు గేటు కనబడగనే కాలు తేలిక చేయువాడే ఈ బండికి తగిన డ్రైవరు.

ఈ ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు నీటిలో ఉన్నది. జగ్గయ్యపేట చుట్టును నేల అడుగున సున్నపురాయి విస్తారముగా కలదు. అందుచేతనే ముక్త్యాల, జయంతిపురము పరిసరములలో సిమెంటు కర్మాగారములు వెలసినవి. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కరగించుకొని నేలలోనికి దిగి, సున్నపురాయిని కాల్షియం బైకార్బొనేటుగా కరగించుకొనును. ఇట్టి నీటిని కాచినచో బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి, కరగని కాల్షియం కార్బొనేటు మరల బయటపడును. వేడినీళ్ల బిందె లోపల తెల్లని పొలుసు కట్టుట ప్రతి ఇల్లాలికి తెలిసినదే. రేడియేటరులో పోసిన బోరునీరును ఇదే పని చేయును. ఇంజను చుట్టునున్న నీటిదారులలో ఆ పొలుసు పొరలు పొరలుగా పేరుకొనును. ఉష్ణమును ప్రసరింపజేయుటలో పోత ఇనుముకంటె ఈ పొలుసు ఇరువది రెట్లకు పైగా తక్కువది. ఒక మిల్లీమీటరు పొలుసు కట్టుట అనగా సిలిండరు గోడను ఒక అంగుళము దళసరి చేసినంత పని. అందువలన రేడియేటరు నిండ నీరున్నను ఇంజను కాగిపోవును. డ్రైవరు మరల బోరునీరు పోయును. పొలుసు మరల పెరుగును.

దీనికి మందు వంటింటిలోనే ఉన్నది. కోడిగ్రుడ్డు పెంకును నిమ్మరసములో వేసినచో బుడగలు వచ్చి పెంకు మెత్తబడుట బడిపిల్లలు చూచియే యుందురు. గ్రుడ్డు పెంకును, ఈ పొలుసును ఒకే పదార్థము. లీటరు మంచినీటికి 40, 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి రేడియేటరులో పోసి, ఇంజనును అరగంట నడిపి, చల్లారిన పిదప వదలివేయవలెను. వచ్చు నీరు మురికి సున్నపు రంగులో ఉండును. మరల మరల మంచినీటితో కడిగి, చివర కొంచెము వంట సోడా కలిపిన నీటితో ఆమ్లము మిగులకుండ చేయవలెను. ఆ తరువాత బోరునీరు ఎన్నడును పోయరాదు. స్వేదన జలములో తగిన కూలెంటు కలిపి పోయవలెను. పొలుసు పోయిన పిమ్మట పాత రేడియేటరు కారుట మొదలిడుట కలదు. అప్పుడు మందును నిందించుట న్యాయము కాదు. ఆ రంధ్రమును ఇన్నాళ్లు పొలుసే పూడ్చియుంచినది. ఇత్తడి, రాగి రేడియేటరు గనుక టంకము పట్టును.

రేడియేటరు మూతను చాలమంది లక్ష్యపెట్టరు. అది వట్టి మూత కాదు, పీడన కవాటము. వాతావరణ పీడనముపై మరి సగము పీడనమును అది నిలిపినచో లోపలి నీరు 100 డిగ్రీలకు గాక దాదాపు 111 డిగ్రీలకు మరుగును. రోహిణి కార్తెలో ఆ పదునొకండు డిగ్రీలే బండిని ఇంటికి చేర్చును. మరియొక దురభ్యాసము థర్మోస్టాటును తీసి పారవేయుట. ఉష్ణదేశములో అది అనవసరమని చాలమంది మేస్త్రీల అభిప్రాయము. అది సరికాదు. థర్మోస్టాటు లేని ఇంజను చలిరోజులలో వేడెక్కుటకు చాలసేపు పట్టును. అంతవరకు ఆవిరికాని పెట్రోలు సిలిండరు గోడలమీది నూనెను కడిగివేయును. ఇంజను కాగుటకు కారణము పొలుసైనప్పుడు థర్మోస్టాటును శిక్షించి ప్రయోజనమేమి?

ఇంజను సంగతికి వత్తము. 1489 ఘనపు సెంటీమీటర్ల ఈ ఇంజను బ్రిటిష్ మోటారు కార్పొరేషను వారి బి శ్రేణికి చెందినది. సిలిండరు వ్యాసము 73.025 మిల్లీమీటర్లు, పిస్టను నడక 88.9 మిల్లీమీటర్లు. వృత్త వైశాల్యమును నడకతో గుణించి నాలుగింతలు చేసినచో 1489 వచ్చును. తరగతిలో చేయింపదగిన లెక్క. సుమారు 50 అశ్వశక్తి. సంపీడన నిష్పత్తి ఏడింటికి కొంచెము పైన. నేటి ఇంజనులకు పది, పదునొకటి ఉండును. ఈ తక్కువ సంపీడనము వలననే అది మొండిగా ఎంతటి పెట్రోలునైనను సహింపగలిగినది.

పడియున్న ఇంజనును తాళము త్రిప్పి వెంటనే నడుపరాదు. ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండరులో రెండు చెంచాల నూనె పోసి, ఒక రాత్రి ఉంచి, చేతితో త్రిప్పవలెను. తిరిగినచో పాత నూనె మార్చి, సంపీడన పీడనమును గేజితో కొలువవలెను. నాలుగును పదిశాతము తేడాలో ఉన్నచో మేలు. ఏదైన తక్కువైన, అందులో చెంచాడు నూనె పోసి మరల కొలువవలెను. పీడనము పెరిగిన దోషము రింగులది, పెరుగనిచో వాల్వులది. ఇంజను విప్పకుండ లోపలి రోగమును కనుగొను ఈ పరీక్షను ఎవరు మొదట కనిపెట్టిరో గాని వైద్యుని నాడి పరీక్షకు తీసిపోదు. సిలిండరు అరిగినచో బోరింగు చేయించి పెద్ద పిస్టను వేయుదురు. 40 వేయవ వంతుల అంగుళము పెంచిన ఇంజను ఘనపరిమాణము 1489 నుండి 1531 అగును. అంతకు మించి కోయుటకు గోడ చాలదు గనుక అప్పుడు స్లీవు వేయవలసి వచ్చును.

సిలిండరు అరుగుటకు సున్నపు దుమ్ము కారణమని ఇచ్చటివారి నమ్మకము. ఇది సగమే నిజము. సున్నపురాయిలోని ఖనిజము కాఠిన్యము మోహ్స్ మానములో 3. పోత ఇనుముది దానికంటె ఎక్కువ. గోడను గీయునది దారి మన్నులోని ఇసుక. దాని కాఠిన్యము 7. లారీల వెనుక లేచు దుమ్ములో రెండును కలసియుండును. కనుక నూనెతొట్టి గల పాత గాలి వడపోతను వారమునకొకమారు విప్పి చూచుట, కాగితపు వడపోత అయిన తరచుగా మార్చుట తప్పదు. సిమెంటు దుమ్ము వేరొక కీడు చేయును. అది రంగుమీద పడి మంచు తడికి గట్టిపడి రాయియగును. పొడిగుడ్డతో రుద్దినచో రంగు గీతలు పడును. నీరు కలిపి పలుచన చేసిన వెనిగరుతో మెత్తబరచి కడుగవలెను.

పాత ఇంజనుకు నేటి పెట్రోలు రెండు సమస్యలు తెచ్చినది. మొదటిది సీసము. పూర్వము పెట్రోలులో సీసపు సమ్మేళనము కలిపెడివారు. అది విషము, పిల్లల మెదడుకు హాని చేయును. 2000 ఫిబ్రవరి నుండి మన దేశమంతటను సీసము లేని పెట్రోలే అమ్మబడుచున్నది. మంచి పనియే. అయితే ఆ సీసము ఎగ్జాస్టు వాల్వు కూర్చుండు పీఠముపై పలుచని పొరగా ఏర్పడి దానిని కాపాడెడిది. ఆ పొర లేనప్పుడు ఎర్రగా కాలిన వాల్వు మెత్తని పోత ఇనుప పీఠముపై కొట్టుకొని దానిని అరుగదీయును. వాల్వు క్రమముగా లోపలికి దిగి సందు మూసికొనిపోవును. నెమ్మదిగా నడుచువారికి ఇది త్వరగా రాదు. ప్రతిదినము రహదారిపై పోవువారు ఇంజను తల విప్పినప్పుడే గట్టి ఉక్కు పీఠములు వేయించుకొనుట మంచిది.

రెండవది ఇథైల్ ఆల్కహాలు. 2025 నాటికి దేశములో దొరకు సాధారణ పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఆల్కహాలు చేరినది. ఇది పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరచును. పెట్రోలు పంపులోని పొర, గొట్టములు, కార్బురేటరు వాషర్లు ఒక్కొక్కటిగా కారుట మొదలిడును. వేడి ఇంజనుపై పెట్రోలు కారుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఫ్లోరిను గల వైటాను వంటి రబ్బరు దీనిని తట్టుకొనును. బండిలోని పెట్రోలు గొట్టములన్నియు అట్టివే వేయవలెను. ఆల్కహాలు నీటిని కూడ పీల్చును. నీరు హద్దు మించినచో ఆల్కహాలు, నీరు కలసి పెట్రోలునుండి విడివడి తొట్టి అడుగుకు దిగును. అడుగున తుప్పు పట్టును, ఇంజనుకు పోవునదియు అదే. బండిని నెలలకొద్ది కదల్చకుండ ఉంచుటకంటె ప్రతిదినము నడుపుటయే ఇట్టి పెట్రోలుకు తగిన పద్ధతి.

ఆల్కహాలులో ముందే ఆమ్లజని ఉండుటచే దానికి గాలి తక్కువ చాలును. ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా కాలుటకు 14.7 కిలోగ్రాముల గాలి కావలెను. ఆల్కహాలుకు 9 చాలును. 20 పాళ్ల మిశ్రమమునకు లెక్కించినచో 13.5 వచ్చును. పాత పెట్రోలుకు సరిచేసిన కార్బురేటరు క్రొత్త మిశ్రమమునకు గాలి ఎక్కువగా ఇచ్చునన్నమాట. ఇంజను దగ్గును, కాగును, ఎక్కుడులో బలము తప్పును. దీనిని సరిచేయుటకు పాత అంబాసిడర్లలో ఉండు ఎస్.యు. కార్బురేటరు మిక్కిలి అనువైనది. ఇందులో ఒక పిస్టను గాలి పీల్పునుబట్టి దానంతట అది లేచి దిగుచుండును. దానికి అమర్చిన సూది జెట్టు రంధ్రములో ఆడుచు పెట్రోలును కొలిచి ఇచ్చును. సూది క్రిందికి పోను సన్నము. పైకి లేచినకొలది సందు పెరిగి పెట్రోలు ఎక్కువగా వచ్చును. జెట్టు కింద ఆరుపలకల నట్టు కలదు. దానిని ఒక్కొక్క పలక చొప్పున క్రిందికి త్రిప్పినచో పెట్రోలు పాలు పెరుగును. సరియైనదో కాదో చూచుటకు పిస్టనును ఒక మిల్లీమీటరు పైకెత్తవలెను. ఇంజను వేగము ఒక్క క్షణము పెరిగి మరల సర్దుకొన్నచో సరి. పెరిగి అట్లే ఉన్నచో పెట్రోలు ఎక్కువ, ఆగిపోయినచో తక్కువ. మరీ ఎక్కువైనచో పొగ పరీక్షలో కార్బను మోనాక్సైడు 3 శాతము హద్దు దాటి పత్రము దొరకదు.

విద్యుత్తు విషయమున ఒక్క హెచ్చరిక. 1960ల నడిమి వరకు బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ధన ధ్రువమును ఒంటికి కలుపుట ఆచారము. నేడు ఋణ ధ్రువమును కలిపెదరు. పాత బండికి క్రొత్త బ్యాటరీ వేయుముందు ఏది కలిపియున్నదో చూడవలెను. డైనమో పోయినచో ఆల్టర్నేటరు వేయించుట వివేకము. డైనమో తక్కువ వేగములో విద్యుత్తు ఈయదు, దీపములు మిణుకుమిణుకుమనును. రాత్రులందు దారిలో ఆగియుండు లారీలను చూచుటకు మంచి దీపములు కావలెను. ఎలుకలు కొరికిన తీగలను అతికించి సరిపెట్టరాదు. మొత్తము తీగల కట్టను మార్చవలెను. టైర్లకు అరుగుదల లేకున్నను రబ్బరు ఎండి పగుళ్లు పట్టినచో పనికిరావు. ముందు సీట్లకు నడుముపట్టీలు లేనిచో బలమైన రేకుకు ఉక్కు పలక అతికి వేయించవలెను.

కాగితముల సంగతి మరచిన, చేసిన పని అంతయు వృథాయగును. కారు నమోదు మొదట 15 ఏండ్లకు. పిదప పరీక్ష జరిపి అయిదేండ్లకొకమారు పునరుద్ధరింతురు. 2025 ఆగస్టులో వచ్చిన నియమము ప్రకారము 20 ఏండ్లు దాటిన కారుకు ఈ రుసుము 10,000 రూపాయలు. 50 ఏండ్లు దాటిన కార్లకు 2021లో ప్రత్యేక వింటేజి నమోదు ఏర్పడినది, నంబరులో వి.ఎ. అను అక్షరములుండును. ఇది గౌరవముగా తోచినను నిత్యోపయోగమునకు తగదు. అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీగా రోడ్డుపై నడుపరాదు. బడికి పోదలచినవారు సాధారణ నమోదునే పునరుద్ధరించుకొనవలెను. కొనుటకు ముందే పాత పత్రముపైని ఇంజను, చాసిస్ అంకెలు బండిమీది అంకెలతో సరిపోవునో చూచుట మరువరాదు. ప్రభుత్వ కార్యాలయముల 15 ఏండ్లు దాటిన కార్లకు 2023 ఏప్రిల్ 1 నుండి పునరుద్ధరణ లేదు. అవి తుక్కునకే పోవును.

ఇవి అన్నియు ముగిసిన పిదప మొదటి ప్రయాణము తెల్లవారుజామున, ఎండ ముదురకముందు, రహదారిని విడచి ఊరి దారులలో చేయుట మంచిది. పది కిలోమీటర్లు పోయి ఆపి, నాలుగు డ్రమ్ములను చేతితో దగ్గరగా చూడవలెను. ఒకటి తక్కినవాటికంటె మిక్కిలి వేడిగా ఉన్నచో ఆ చక్రమున బ్రేకు వదలుట లేదు. ఒకటి చల్లగా ఉన్నచో అది పట్టుటయే లేదు. బండి కింద ఒక పాత వార్తాపత్రిక పరచి రాత్రి ఉంచినచో ఉదయమునకు మచ్చలు కథ చెప్పును: నల్లనిది ఇంజను నూనె, రంగు గలది కూలెంటు, చక్రము ప్రక్కన పడిన లేత పసుపు మచ్చ బ్రేకు ద్రవము. మొదటి రెండు మచ్చలతో జగ్గయ్యపేట పోయి రావచ్చును. మూడవది కనబడిన దినమున బస్సులో పోవలెను.